అమెరికా ఆర్డర్లు ఆగాయి, మా అక్కని హిందూపురం యూనిట్‌కి పొమ్మంటున్నారు. పోవాలా వద్దా?

రేణు_బొమ్మనహళ్ళి | శనివారం, 13 సెప్టెంబరు 2025

నమస్తే అందరికీ. గార్మెంట్స్ గురించి, లేబర్ రూల్స్ గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఉంటారని అడుగుతున్నా. మా అక్క బొమ్మనహళ్ళి సైడు ఒక ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలో టైలర్, కాలర్ అటాచ్ చేస్తది. ఈ కంపెనీలో నాలుగేళ్ళు దాటి ఐదో ఏడు నడుస్తోంది, అంతకుముందు మైసూర్ రోడ్డులో వేరేచోట. ఆగస్టు చివర్నుంచి ఓటీ తీసేశారు, తర్వాత శనివారాలు రావద్దన్నారు, ఇప్పుడు ఆమె ఫ్లోర్‌లో రెండు లైన్లు పూర్తిగా ఆపేశారు. అమెరికా బయ్యర్ సరుకు ఆపమన్నాడంట, టారిఫ్ అంట. మొన్న హెచ్‌ఆర్ వాళ్ళు కొంతమందిని పిలిచి హిందూపురం దగ్గర మన యూనిట్ ఉంది, అక్కడ పని ఉంది, ఇక్కడ రిజైన్ లెటర్ రాసిచ్చి అక్కడ కొత్తగా జాయిన్ అవ్వండి అన్నారు. జీతం ఇక్కడికంటే రెండు వేలు తక్కువ, కానీ రూము అద్దె మిగుల్తది కదమ్మా అని లెక్క కూడా వాళ్ళే చెప్పారు.

మాది మదనపల్లి. బావ ఆటో నడుపుతాడు, పాప నాలుగో క్లాసు ఇక్కడే. అక్క పోదామంటది, బావ వద్దంటాడు, మా అమ్మేమో ఊరికి దగ్గరైతది పొమ్మంటది, అమ్మకి హిందూపురం అంటే మదనపల్లి పక్క వీధి. సోమవారం లోపల చెప్పాలంట. ఏం చేయమంటారు?

చందు_గౌరిబిదనూరు

ముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

లా_బాబాయి_జయనగర్

చందు చెప్పింది కరెక్ట్. రేణమ్మా, ఇక్కడ అసలు కిటుకంతా ఆ రిజైన్ అన్న మాటలో ఉంది. అదే కంపెనీ అయితే ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఇవ్వొచ్చు, అప్పుడు సర్వీసు తెగదు. రిజైన్ చేసి కొత్తగా చేరితే ఇన్నేళ్ళ సర్వీసు సున్నా అయిపోతది. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, రావాలంటే ఐదేళ్ళు ఉండాలి. మీ అక్క బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 12,000 అనుకో, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి సుమారు 6,900, ఐదేళ్ళకి 34,600 పైన. ఐదో ఏడు నడుస్తున్నవాళ్ళని ఏరి ఏరి పిలిచి ఉంటే మాత్రం నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. నాలుగేళ్ళు నిండి ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలు అని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది, కానీ దాని కోసం ఇక్కడ మళ్ళీ కొట్లాడాల్సి వస్తది, కాబట్టి ఐదు నిండేదాకా పేరు రోల్స్‌లో ఉండేట్టు చూసుకోవడమే మంచిది.

ఇంకోటి, పని లేదు ఇంటికి పోండి అని పంపిస్తే దాన్ని లే-ఆఫ్ అంటారు, ఏడాది సర్వీసు ఉన్నవాళ్ళకి ఆ రోజులకి బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. పూర్తిగా తీసేస్తే నెల నోటీసు, పెద్ద ఫ్యాక్టరీ అయితే మూడు నెలల నోటీసు, లేదా అన్ని నెలల జీతం, దాంతో పాటు పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం. పెద్ద ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వం పర్మిషన్ కూడా కావాలి. ఇవన్నీ వాళ్ళకి ఖర్చు. మనిషి తనంతట తాను రిజైన్ చేస్తే ఒక్క రూపాయి ఖర్చు లేదు. పొమ్మనలేక పొగపెట్టడం అంటే ఇదే.

మర్చండైజర్_మూర్తి

నేను ఇదే ఫీల్డులో ఉన్నా, వేరే కంపెనీ. హెచ్‌ఆర్ చేసింది సమర్థించట్లేదు కానీ ఫ్యాక్టరీ సైడు కూడా కొంచెం వినండి. మన సరుకు మీద అమెరికా వేసిన దిగుమతి పన్ను ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న ఇంకో 25, మొత్తం 50 శాతం, అదీ మామూలుగా ఉండే డ్యూటీ మీద అదనం. బంగ్లాదేశ్‌కి 20, వియత్నాంకి 20, శ్రీలంకకి 20, పాకిస్తాన్‌కి 19. అదే చొక్కా, అదే క్వాలిటీ, మనది ఎవడు కొంటాడు చెప్పండి. మా బయ్యర్ ఫోన్ చేసి ఆ 50లో మీరెంత మోస్తారు అని అడిగాడు. మా మార్జిన్ మొత్తం కలిపినా దాంట్లో మూల కూడా రాదు. కట్ చేసిన గుడ్డ అట్లానే రాక్‌లో ఉంది. యూకేతో జులై 24న ఒప్పందం సంతకమైంది, అమల్లోకి వస్తే అక్కడ జీరో డ్యూటీ, కానీ అమల్లోకి రావాలి కదా, ఈలోపల జీతాలు ఎక్కణ్ణుంచి ఇవ్వాలి? హిందూపురం పొమ్మన్నారంటే కనీసం పని ఉందని అర్థం. మా దగ్గర అది కూడా లేదు.

పద్మక్క_పీన్యా

మూర్తీ, నువ్వు చెప్పిన లెక్క నిజమే గానీ ఈ మాట నేను వినడం కొత్త గాదు నాయనా. నేను 1993లో పుంగనూరు నుంచి వచ్చి హెల్పర్‌గా చేరినా, దారాలు కత్తిరించే పని. అప్పుడు కోటా కాలం. అమెరికా, యూరపోళ్ళు ఏ దేశం నుంచి ఎన్ని పీసులు కొనాల్నో ముందే రాసిపెట్టుకునేటోళ్ళు, మన దేశానికి వచ్చిన కోటాని ఢిల్లీలో ఎక్స్‌పోర్ట్ కౌన్సిల్ వాళ్ళు ఫ్యాక్టరీలకి పంచేటోళ్ళు. కోటా అయిపోతే పని అయిపోయినట్టే, సంవత్సరం చివర్న ఖాళీగా కూర్చునేటోళ్ళం. 2005 జనవరి 1 నుంచి కోటాలు ఎత్తేసినారు. అప్పుడు మా మేనేజరు స్వీట్లు పంచినాడు, ఇంక ప్రపంచమంతా మనదే అన్నాడు. ప్రపంచం మాది అయిందో లేదో గానీ టార్గెట్ మాత్రం మాదే అయింది. కోటా ఉన్నప్పుడు బయ్యర్ మన దగ్గరికి రావాల్సిందే, పోయినాక బంగ్లాదేశ్ వాడు ఇంత తక్కువకి ఇస్తాండాడు మీరెంతకిస్తారు అని కూర్చునే రోజులొచ్చినాయి. గుడ్డ ధర తగ్గదు, కరెంటు తగ్గదు, బ్యాంకు వడ్డీ తగ్గదు. తగ్గేది ఏంది? గంటకి నేను కుట్టాల్సిన పీసులు పెరుగుతాయి, అంతే.

నిలబడి నీళ్ళు తాగితే తిట్టు, బాత్‌రూమ్‌కి పోతే తిట్టు. అందుకే పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుని మూత్రంలో మంట తెచ్చుకున్నోళ్ళు మా లైన్లో ఎంతమందో. ఇది ఏ ఆడిట్‌లోనూ రాదు. ఆడిట్ రోజు మాత్రం సబ్బు, టిష్యూ, క్రెష్‌లో కొత్త బొమ్మలు.

వైట్‌ఫీల్డ్_వంశీ

అక్కా గౌరవంతోనే చెప్తున్నా, ఈ ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలు లేకపోతే మీరు పుంగనూరులోనే టమోటా కోతకి పోయేవాళ్ళు కదా. పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు అకౌంటు, చేతిలో సొంత డబ్బు, ఇవన్నీ గ్లోబల్ ట్రేడ్ వల్లే వచ్చాయి. ట్రేడ్ ఆగినప్పుడే కదా ఇప్పుడు ఆడవాళ్ళ ఉద్యోగాలు పోతున్నాయి, అంటే సమస్య ట్రేడా, ట్రేడ్ ఆపడమా? పైగా దేశంలో పనిచేసే లేదా పని వెతుక్కునే ఆడవాళ్ళ శాతం 2017-18లో 23.3 ఉంటే 2023-24కి 41.7 అయింది. నెగెటివ్‌గా చూడటం మానేయాలి మనం.

పద్మక్క_పీన్యా

వంశీ బాబూ, టమోటా కోతకి పోయేదాన్నే, కరెక్టే. ఫ్యాక్టరీ వద్దు అని నేను యాడ చెప్పినా? మొగుడు పోయినాక ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించినా. ఫ్యాక్టరీ కావాల్నా వద్దా అనేది నా ప్రశ్న గాదు. లాభమొచ్చినప్పుడు స్వీటు, నష్టమొచ్చినప్పుడు నా కడుపు, ఈ లెక్క ఎవురు రాసినారు అనేదే నా ప్రశ్న.

మాధవి_మారతహళ్ళి

వంశీ గారు చెప్పిన 41.7 కరెక్టే కానీ ఆ అంకె లోపల ఏముందో కూడా చూడాలి. పనిచేసే ఆడవాళ్ళలో స్వయం ఉపాధి వాటా అదే కాలంలో 52 శాతం దగ్గర్నుంచి 67 దాటింది, నెల జీతం వచ్చేవాళ్ళ వాటా 21 నుంచి 16కి తగ్గింది. స్వయం ఉపాధి అంటే అందరూ బొటిక్ పెట్టారని కాదు, ఇంటి పొలంలో, ఇంటి కొట్టులో జీతం లేకుండా చేసేవాళ్ళు కూడా అందులోనే వస్తారు. అంటే పనిచేసేవాళ్ళు పెరిగారు, జీతం ఇచ్చే పనిలో ఉన్నవాళ్ళ వాటా పెరగలేదు. అందుకే గార్మెంట్స్ లాంటి ఉద్యోగం ఎంత చెత్తగా ఉన్నా దానికి అంత విలువ. చదువు తక్కువ ఉన్న ముప్పై ఐదేళ్ళ ఆవిడకి పీఎఫ్‌తో సహా నెల జీతం ఇచ్చే చోటు ఈ ఊర్లో ఇంకెక్కడుంది? ఆ సంగతి మేనేజ్‌మెంట్‌కీ తెలుసు, బయ్యర్‌కీ తెలుసు, అందుకే అంతకంటే పైకి రానివ్వరు.

నేను ఐటీలోనే ఉన్నా కాబట్టి ఇదొకటి కూడా చెప్పాలి. పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడితే వంటకి, అంట్లకి, పిల్లల్ని చూసుకోడానికి వచ్చేవాళ్ళలో సగంమంది మన రాయలసీమ వాళ్ళే. మాకు డాలర్లలో ప్రాజెక్టు వస్తేనే వాళ్ళకి ఆ పని. ప్రాజెక్టు లేక మా బెంచ్ మీద మనుషులు పెరిగినప్పుడు మొదట ఆగేది వంటమనిషి. ఆమెకి నోటీసు పీరియడ్ ఉండదు, ఆమె పేరు ఏ ఎక్స్‌పోర్ట్ లెక్కలోనూ ఉండదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి కనీస వేతనం అని కర్ణాటకలో 2004లోనే నోటిఫికేషన్ ఇచ్చారు, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ మాట ఎత్తితే నన్ను రిమూవ్ చేస్తారు.

రేణు_బొమ్మనహళ్ళి

అందరికీ థాంక్స్. లా బాబాయ్, మీరు చెప్పింది అక్కకి చదివి వినిపించా, పిలిచినవాళ్ళలో ఎవరెవరికి ఎన్నేళ్ళు అని లెక్కేస్తే ఇద్దరు తప్ప అందరూ నాలుగు దాటినవాళ్ళే అంది. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మాధవి గారూ, మీ మాట మాకు బాగా తగిలింది, ఎందుకంటే నేను చేసేది కూడా అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ప్రాసెస్, నైట్ షిఫ్టు. అక్క కుట్టిన చొక్కా వేసుకునేవాడి హాస్పిటల్ బిల్లు నేను చూస్తా అన్నమాట. ఇంట్లో రెండు జీతాలూ ఒకే దేశం మీద ఉన్నాయని నిన్నటిదాకా తట్టలేదు. అక్క పొద్దున ఎనిమిదింటికి పోతే నేను అప్పుడు వచ్చి పడుకుంటా, పాపని స్కూలు నుంచి తెచ్చేది నేనే. అక్క హిందూపురం పోతే పాప ఎక్కడ ఉండాలనేది ఇంకా ఎవరూ మాట్లాడట్లేదు ఇంట్లో.

మస్తాన్_మైసూర్_రోడ్

మా అమ్మది ఇంకో కథ. గార్మెంట్స్‌కి పోనిచ్చేవాళ్ళు కాదు మా నాన్న, అందుకని ఇంట్లోనే అగరుబత్తి చుట్టేది. ఏజెంటు పుల్లలు, మసాలా ఇచ్చి పోయేవాడు, వెయ్యికి ఇంత అని కూలీ. మా గల్లీలో ప్రతి గుమ్మం ముందూ అదే పని, పిల్లలం కూడా చుట్టేవాళ్ళం, చేతులు నల్లగా అయ్యేవి. తర్వాత వియత్నాం, చైనా నుంచి చుట్టిన బత్తీలే వచ్చి పడ్డాయి, ఇక్కడ సెంటు అద్ది ప్యాక్ చేయడమే మిగిలింది. ఏజెంటు రావడం మానేశాడు. ఎందుకు రావట్లేదో కూడా అమ్మవాళ్ళకి ఎవరూ చెప్పలేదు, పని బాలేదేమో అనుకుని ఇంకా నున్నగా చుట్టడం మొదలుపెట్టారు. 2019 ఆగస్టులో అగరుబత్తి దిగుమతి మీద ఆంక్ష పెట్టారు, 2020 జూన్‌లో వెదురుపుల్లల మీద డ్యూటీ 10 నుంచి 25 చేశారు. మంచిదే. కానీ ఆ పని తిరిగి వచ్చింది మెషిన్ల దగ్గరికి, మా గుమ్మం దగ్గరికి రాలేదు. ఫ్యాక్టరీ అయితే కనీసం గేటు ముందు నిలబడి అరవొచ్చు, ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళు ఎవరి గేటు ముందు అరవాలి?

ఆదోని_కుర్రాడు

టారిఫ్ అనగానే అందరూ ఫ్యాక్టరీ గురించే మాట్లాడుతున్నారు, మా సైడు కూడా చూడండి. ఎక్స్‌పోర్టర్లకి సాయం అని ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం డ్యూటీ తీసేశారు, మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, పది రోజులు కాకముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా పత్తి మార్కెట్‌కి వచ్చేదే అక్టోబరు నుంచి. బయటి పత్తి చవగ్గా దిగితే ఇక్కడ రేటు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పత్తి తీసేది ఎవరు? ఆడోళ్ళే. కిలోకి ఇంత అని కూలీ, పొద్దున మంచులో పోయి వేళ్ళు గీరుకుపోయేదాకా తీస్తారు. రైతుకి రేటు రాకపోతే మొదట కోసేది ఆ కిలో కూలీనే. అంటే బొమ్మనహళ్ళి అక్కని కాపాడతామని ఆదోని అక్క కూలీ కోశారు, చివరికి బొమ్మనహళ్ళి అక్క కూడా బాగుపడలేదు.

మర్చండైజర్_మూర్తి

ఆదోని బ్రదర్, డ్యూటీ తీయకపోతే దారం రేటు మాకు బంగ్లాదేశ్ కంటే ఎక్కువ పడుతుంది, అప్పుడు ఉన్న ఆర్డర్లు కూడా పోతాయి. వాళ్ళకి యూరప్‌లో ఆల్రెడీ జీరో డ్యూటీ, వెనకబడిన దేశం అని. వచ్చే ఏడాది నవంబరు 24న ఆ లిస్టులోంచి బయటికి వస్తున్నారు, అప్పుడు చూడాలి.

పద్మక్కా మీరన్న ఆ లెక్క ఎవరు రాశారో నాకు తెలుసు, నేను రోజూ చూస్తా. స్టైల్ రాగానే ఒక చొక్కాకి ఎన్ని నిమిషాల కుట్టు అని లెక్క కడతాం, నిమిషానికి ఇంత అని ధర. బయ్యర్ దగ్గర కూడా అదే లెక్క ఉంటుంది, ఢాకా నిమిషం ఎంత, హనోయ్ నిమిషం ఎంత, బెంగుళూరు నిమిషం ఎంత. గుడ్డ ఏ మిల్లులో కొనాలో కూడా చాలాసార్లు వాళ్ళే చెప్తారు. మేం బేరమాడగలిగేది ఆ నిమిషాల మీదే. బెంగుళూరు జోన్‌లో కనీస వేతనం ఎక్కువ అని ముందు దొడ్డబళ్ళాపురం, రామనగర, మద్దూరు పోయారు, ఇప్పుడు బోర్డర్ దాటి హిందూపురం. దీంట్లో కుట్ర ఏం లేదు, రేటు ఎక్కడ తక్కువుంటే అక్కడికి పోతారు.

పద్మక్క_పీన్యా

రేటు తక్కువున్న చోటికి పోయేది కంపెనీ, లారీలో మిషన్లు ఎక్కించుకుని పోతాది. ఆడమనిషి పిల్ల స్కూలు, మొగుడి ఆటో, చీటీపాట, రేషన్ కార్డు, అన్నీ లారీలో ఎక్కించుకుని యాడికి పోతాది? ఢాకా నిమిషం చవక అంటావే, ఎందుకు చవకో 2013లో చూడలేదా? రానా ప్లాజా కూలి 1,134 మంది పోయినారు. ముందు రోజే గోడలు పగుళ్ళిచ్చినాయంట, కింద ఉన్న బ్యాంకోళ్ళు, షాపులోళ్ళు మూసుకుని పోయినారు, పైన కుట్టేటోళ్ళని మాత్రం షిప్‌మెంట్ ఉంది రండి అని ఎక్కించినారు. వాళ్ళు మాకు శత్రువులంట. మా లైన్లో టీవీ చూసి ఏడ్వనోళ్ళు లేరు ఆ పొద్దు.

తాంబరం_తులసి

చెన్నై నుంచి నేను. ఇక్కడ తాంబరం ఎక్స్‌పోర్ట్ జోన్ మెప్జ్‌లో గార్మెంట్స్ యూనిట్లకి ఇదే బాధ. కానీ వింత చూడండి, ఫోన్లకి ఆ 50 శాతం పడలేదు, చొక్కాలకి పడింది. శ్రీపెరంబుదూరు వైపు ఫోన్ల ఫ్యాక్టరీల బస్సులు ఎప్పట్లాగే నిండుగా తిరుగుతున్నాయి. మీ దేవనహళ్ళి, నరసాపుర, హోసూరులో కూడా అంతే అనుకుంటా. మరి గార్మెంట్స్‌లో పని పోయిన అక్క అక్కడికి పోవచ్చు కదా అంటే, వాళ్ళు తీసుకునేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ అమ్మాయిల్ని, హాస్టల్లో పెట్టి. పెళ్ళై పిల్లలున్నవాళ్ళు గేటు దగ్గరే వెనక్కి. మా కజిన్ శ్రీకాళహస్తి నుంచి వచ్చి అలాంటి చోటే చేస్తుంది, జీతం పర్లేదు, మూడు నాలుగేళ్ళు చేసి పెళ్ళి డబ్బులు దాచుకుని పోవాలి అన్నట్టే ఉంటుంది పద్ధతి. 2021 డిసెంబరులో హాస్టల్ తిండి తిని అమ్మాయిలు హాస్పిటల్ పాలైతే, రాత్రంతా బెంగుళూరు హైవే మీద కూర్చున్నారు, గుర్తుందా?

ఇంకా పాతది కావాలంటే నోకియా. 2006లో మొదలైంది, 2014 నవంబరు 1న మూసేశారు. మా వీధిలో ఇద్దరు చేసేవాళ్ళు, ఇరవై ఏడేళ్ళకే ఎక్స్‌పీరియన్స్ ఎక్కువ, వయసు ఎక్కువ అని ఎక్కడా తీసుకోలేదు. ఒకామె ఇప్పుడు చీరలు లైవ్‌లో అమ్ముతుంది, బాగానే సంపాదిస్తుంది. రెండో ఆమె ఇంట్లోనే.

భీమవరం_చిన్నది

రొయ్యల గురించి ఎవరూ అనలేదేంటండీ. మా వైపు ప్లాంట్లలో తలలు తీసేది, తొక్క వలిచేది అంతా ఆడవాళ్ళే, ఐసు నీళ్ళల్లో నిలబడి. మన రొయ్యలకి పెద్ద మార్కెట్ అమెరికానే. రైతుకి కౌంటు రేటు పడిపోయిందని పేపర్లో వచ్చింది, వలిచేవాళ్ళకి వారంలో పని రోజులు తగ్గాయని మాత్రం ఎక్కడా రాలేదు. నేను చెన్నైలో చదువుకుంటున్నా, మా పిన్ని ఫోన్లో చెప్పింది.

వైట్‌ఫీల్డ్_వంశీ

సరే అందరూ బాధలు చెప్తున్నారు, సొల్యూషన్ ఏంటి మరి? యూనియన్లు పెట్టి ఫ్యాక్టరీలు మూయించడమా?

పద్మక్క_పీన్యా

యూనియన్ పెట్టి మూయించినోళ్ళు ఎవురూ లేరు బాబూ, ఆర్డర్ పోయి మూసినోళ్ళే అందరూ. సరే అడిగినావు కాబట్టి చెప్తా. 2016 ఫిబ్రవరిలో పీఎఫ్ రూలు మార్చినారు, కంపెనీ వేసిన వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోగూడదు అని. అరవై ఏళ్ళ దాకా మిషన్ మీద కూర్చునేది ఎవురు? నడుము, కళ్ళు నలభైకే పోతాయి. పిల్ల ఫీజుకో, ఇంటి అప్పుకో, ఆ పీఎఫ్ ఒక్కటే మా చేతికొచ్చే పెద్ద మొత్తం. ఏప్రిల్ 18న బొమ్మనహళ్ళిలో ఆడోళ్ళు లైన్లలోంచి లేచి హోసూరు రోడ్డు మీదికొచ్చినారు. ఏ నాయకుడూ పిలవలేదు. పక్క ఫ్యాక్టరీ వాళ్ళు చూసి వాళ్ళూ వచ్చినారు. మర్నాడు మా తుమకూరు రోడ్డు, జాలహళ్ళి క్రాస్ దగ్గర మేము. లాఠీలు, గ్యాసు, ఎవురో బస్సులు కాల్చినారు, అది మేము గాదు. ఆ సాయంత్రానికల్లా రూలు వాపసు తీసుకుంటాండాం అని మన తెలుగాయనే, దత్తాత్రేయ గారు, అప్పుడు లేబర్ మంత్రి, టీవీలో చెప్పినాడు. రెండు రోజులు. దేశం మొత్తానికి ఆ రూలు పోయింది, ఐటీ వాళ్ళకి కూడా. మీ పీఎఫ్ కూడా మేము రోడ్డెక్కితేనే మిగిలింది వంశీ బాబూ.

మాధవి_మారతహళ్ళి

ఆ రెండు రోజులు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకున్న ఐటీ వాళ్ళలో నేనూ ఉన్నా.

దీనికి తోడు ఇంకోటి. 2020 ఏప్రిల్‌లో పెరగాల్సిన డీఏ, నెలకి 417 రూపాయలు, కోవిడ్ అని చెప్పి కర్ణాటక ఫ్యాక్టరీలు చాలావరకు ఇవ్వలేదు. కోర్టు చెప్పినా నెలలకి నెలలు నడిచింది. చివరికి బయట దేశాల్లో బ్రాండ్ల పేర్లు పెట్టి అడగడం మొదలైంది, అప్పుడు 2022లో బకాయిలు కదిలాయి. అంటే వంశీ గారూ, ట్రేడ్ వల్ల ఒక సదుపాయం ఉంది, చొక్కా మీద పేరున్నవాడికి పరువు భయం ఉంటుంది. అక్కడ లాగితే ఇక్కడ కదులుతుంది. లోకల్ మార్కెట్‌కి కుట్టే చిన్న షెడ్డులో ఆ తాడు కూడా లేదు. ట్రేడ్ ఆపాలని ఇక్కడ ఎవరూ అనట్లేదు.

రాజంపేట_రెడ్డెమ్మ

మా వైపు వీటన్నిటికంటే ముందే కువైట్ ఉంది. ముప్పై లోపు ఆడోళ్ళకి ఇంటిపనికి పంపడానికి గవర్నమెంటు ఒప్పుకోదు, అందుకని వయసు దిద్దిన కాగితాలు, విజిట్ వీసాలు, ఏజెంట్లు. మా వదిన పోయింది, ఇల్లు కట్టింది, కొడుకు ఆమెని గుర్తుపట్టలేదు వచ్చినప్పుడు. హిందూపురం దగ్గరే కదా, వారానికొకసారి రావొచ్చు. నేనైతే పొమ్మంటా.

మోడరేటర్_1

చర్చ బాగుంది, కానీ పైన రెండు కామెంట్లు తీసేశాను, కన్నడవాళ్ళు తెలుగువాళ్ళు గొడవ ఇక్కడ వద్దు. కంపెనీ పేర్లు కూడా రాయకండి. రేణు గారికి పనికొచ్చేది చెప్పండి.

చందు_గౌరిబిదనూరు

పనికొచ్చేది: గౌరిబిదనూరు నుంచి హిందూపురం పక్కనే, మా ఊరి ఆడవాళ్ళు చాలామంది కంపెనీ వ్యాన్లలో పోయొస్తారు. కానీ బొమ్మనహళ్ళి నుంచి రోజూ కుదరదు, బొమ్మనహళ్ళి నుంచి యశ్వంతపురం పోయేసరికే సగం ప్రాణం పోతుంది. అక్కడే ఉండాలి. రూము చవకే. ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. మీ అక్క ఆధార్ మదనపల్లిది అయితే ఇక్కడి ఫ్రీ బస్సు పథకం శక్తి పనిచేయట్లేదు కదా, అక్కడ పనిచేస్తుంది.

లా_బాబాయి_జయనగర్

రేణమ్మా, సోమవారం మీ అక్క ఒక్కతే పోకూడదు. పిలిచినవాళ్ళందరూ కలిసి పోవాలి, అందరూ ఒకటే మాట అడగాలి: మేం రావడానికి రెడీ, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఇవ్వండి, అందులో పాత జాయినింగ్ డేట్ రాయండి, జీతం తగ్గించకూడదు. రానని చెప్పొద్దు, అది చెప్తే పని నిరాకరించారని రాసుకుంటారు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. వేయకపోతే స్పీడ్ పోస్టు. ఫ్లోర్‌లో ఎవరికైనా యూనియన్ కార్డు ఉంటే వాళ్ళని తీసుకుపోండి, లేకపోతే బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన్‌కి రండి, లేబర్ ఆఫీసులు అక్కడే, నేను కూడా వస్తా.

రేణు_బొమ్మనహళ్ళి | సోమవారం, 15 సెప్టెంబరు 2025

అప్‌డేట్. అందరూ కలిసే పోయారు. ఆదివారం అక్క వాళ్ళ రూముల్లో తిరిగి ఒక్కొక్కరికీ గ్రాట్యుటీ లెక్క వేసి చూపించింది, నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని. హెచ్‌ఆర్ వాళ్ళు మొదట నవ్వారంట, తర్వాత లెటర్ చదివి పైవాళ్ళకి ఫోన్ చేశారంట. స్టాంపు వేయలేదు, సంతకం పెట్టి డేట్ వేసిచ్చారు. వారం టైమ్ అడిగారు, అప్పటిదాకా రిజైన్ మాట మేము ఎత్తము అన్నారు. జీతం విషయం మాత్రం ఏమీ చెప్పలేదు, అక్కడి రేటు అక్కడిదే అంటున్నారంట. ఇద్దరు ఇంటికి పోయేముందే రిజైన్ రాసిచ్చేశారు, వాళ్ళకి వెంటనే పీఎఫ్ డబ్బులు కావాలంట, స్కూలు ఫీజు రెండో టర్మ్.

పాప గురించి ఇంకా తేలలేదు. బావ నేను చూసుకుంటా అంటున్నాడు, అక్క నమ్మట్లేదు. నాకైతే ఈ నెలలో షిఫ్టు మారుస్తారంట.

లా_బాబాయి_జయనగర్

సంతకం, డేట్ చాలు, ఆ కాగితం ఫోటో తీసి నాలుగు ఫోన్లలో పెట్టుకోండి. జీతం తగ్గింపు మీద గట్టిగా నిలబడొచ్చు, సర్వీస్ కంటిన్యూ అయితే నోటీసు ఇవ్వకుండా తగ్గించడానికి లేదు. ఆ ఇద్దరి లెటర్లు ఈరోజే ఇచ్చారా? మేనేజ్‌మెంట్ ఒప్పుకున్నట్టు రాసి ఇవ్వకపోతే వెనక్కి తీసుకోవచ్చు. రేపు పొద్దున గేటు తెరవకముందే వాళ్ళతో రాయించండి.

పద్మక్క_పీన్యా

ఆ ఇద్దరి ఫీజు ఎంతనో కనుక్కో రేణూ. మా చీటీలో ఈ నెల పాట ఇంకా అవలేదు, అడిగి చూస్తా.